చేతి ఆపరేషన్ తర్వాత తగ్గని నొప్పి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో చేతికి ఆపరేషన్ చేయించుకుని, కుట్లు కూడా విప్పించుకుని, రెండు నెలలు పోయాక "ఇంకా ఇదేం నొప్పండీ" అంటూ ఫిజియోథెరపీ గదికి వచ్చేవాళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. మణికట్టు ఎముక విరిగి ప్లేటు వేయించుకున్నవాళ్ళు, కార్పల్ టనెల్ (మణికట్టులో నొక్కుకుపోయిన నరం మీది పొరని విడదీయడం), ట్రిగ్గర్ ఫింగర్ (ముడిస్తే పట్టేసే వేలిని విడిపించడం) ఆపరేషన్లయినవాళ్ళు, ఆటోనగర్‌లో మెషీన్ కింద వేలు పడి టెండన్ (కండని ఎముకకి కలిపే తాడులాంటిది) కుట్టించుకున్నవాళ్ళు, అందరూ ఇందులో ఉన్నారు. మందుల పేర్లు రాసింది మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు అర్థం కావడానికి. ఆ పేర్లు చెప్పి మెడికల్ షాపులో కొనుక్కోకండి.

ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్ళు నొప్పి ఉంటే మామూలు అనుకోవచ్చు?

ఏ ఆపరేషన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్రిగ్గర్ ఫింగర్‌కి కోత చిన్నది, కొన్ని వారాల్లోనే చాలామంది సర్దుకుంటారు. కార్పల్ టనెల్ తర్వాత అరచేతి మొదట్లో, బొటనవేలి కింది కండ దగ్గరా చిటికెనవేలి వైపు కండ దగ్గరా నొక్కితే నొప్పి ఉంటుంది. నేలమీద చెయ్యి ఆన్చి లేవబోయినప్పుడు అది బాగా తెలుస్తుంది. మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పట్టినా అది పోయే నొప్పే. విరిగిన మణికట్టుకి ఇంకా టైం కావాలి.

రోజులు లెక్కపెట్టడం కన్నా నొప్పి ఎటు పోతోందో చూడండి. పోయిన వారం కన్నా ఈ వారం కాస్త నయం అంటే కంగారు పడక్కర్లేదు. తగ్గుతూ తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరగడం మొదలుపెట్టినా, గాయం మానినా చెయ్యి అంతకంతకూ బిగుసుకుపోతున్నా, అది చూపించుకోవాల్సిన సంగతి. మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని వైద్యంలో దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 2022 నుంచి అమల్లో ఉంది, అందులో ఆపరేషన్ తర్వాత మిగిలిపోయే నొప్పికి విడిగా చోటు కూడా ఇచ్చారు. అలాగని మూడు నెలలు నిండేదాకా ఎదురుచూడమని ఎవరూ చెప్పడం లేదు. తేడా కనిపించిన వారమే వెళ్ళండి.

వెంటనే, అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి వెళ్ళాల్సిన లక్షణాలేమిటి?

కట్టు లోపల నొప్పి బిళ్ళకి లొంగకుండా పెరుగుతూ ఉండటం, వేళ్ళు నల్లబడటం లేదా పాలిపోయి చల్లబడటం, మొద్దుబారటం, వేరేవాళ్ళు మీ వేలిని మెల్లగా చాపబోతేనే ప్రాణం పోయినంత నొప్పి. ఇవి కట్టు బిగిసిందనో, లోపల వాపుతో కండరాలకి రక్తం అందడం లేదనో చెప్పే గుర్తులు. కొన్ని గంటలు ఆలస్యమైనా కండరం చచ్చిపోతుంది. "పొద్దున్నే డాక్టర్‌గారు రౌండ్స్‌కి వస్తారులే" అని చెయ్యి పట్టుకుని కూర్చోకండి.

రెండోది చీము. వేలు పొడుగునా వాచి, సగం ముడుచుకుని ఉండి, లోపలివైపు ఎక్కడ నొక్కినా నొప్పి పుట్టి, చాపితే భరించలేకపోతే టెండన్ గొట్టంలోకి ఇన్ఫెక్షన్ వెళ్ళినట్టు అనుమానించాలి. జ్వరం, చలి ఉన్నా లేకపోయినా సరే. షుగర్ ఉన్నవాళ్ళయితే మరీ.

మా ఫైల్లో సీఆర్‌పీఎస్ అని రాశారు. ఏమిటది?

కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్. తగిలిన దెబ్బకీ, చేసిన ఆపరేషన్‌కీ పొంతన లేనంత నొప్పి ఆ చేతిలో పట్టుకుని కూర్చోవడం. పాత ఫైళ్ళలో సుడెక్ అనో, ఆర్‌ఎస్‌డీ అనో ఉంటే అదీ ఇదే.

దీన్ని పట్టుకోవడానికి ఒక్కోసారి పరీక్ష కూడా అక్కర్లేదు, వెయిటింగ్ హాల్లో చూస్తే చాలు. మే నెల, బయట నిప్పులు కురుస్తుంటే అందరూ ఫ్యాను కింద కుర్చీ కోసం చూస్తారు. ఒకావిడ మాత్రం గోడవారన కూర్చుని, పమిట చెంగు చేతిమీద కప్పుకుని, ఆ చేతిని ఇంకో చేత్తో గుండెలకి ఆనించుకుని ఉంటుంది. అడిగితే, "ఫ్యాను గాలి తగిలితే మంటండీ" అంటుంది. గాలి, దుప్పటి, గాజులు జారి తగలడం, ఇలా ఎవరికీ నొప్పి పుట్టించనివి ఆమెకి పుట్టిస్తాయి. చెంగు తీసి చూస్తే చెయ్యి ఎర్రగానో నీలంగానో నిగనిగలాడుతూ వాచి ఉంటుంది. రెండో చేతికన్నా వేడిగా ఉంటుంది, కొన్నాళ్ళు పోయాక అదే చెయ్యి చల్లగా మారుతుంది. చెమట ఎక్కువ పట్టడం, వెంట్రుకలు, గోళ్ళు మామూలుగా కాకుండా పెరగడం, వేళ్ళు బిగుసుకోవడం, వణుకు, పట్టు తగ్గడం కూడా ఉంటాయి.

కారణం ఒక్కటి కాదు. గాయం దగ్గర మొదలైన వాపు రసాయనాలు ఆగాల్సిన చోట ఆగవు. రక్తనాళాలనీ చెమటనీ నడిపించే నరాల అదుపు తప్పుతుంది. వెన్నుపాములో, మెదడులో నొప్పి సంకేతాల సౌండు పెరిగిపోతుంది. దానికి తోడు భయంకొద్దీ చెయ్యి కదపకపోవడం. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ, అందులోనూ నడివయసు దాటినవాళ్ళలో. ఎక్కువగా కనిపించేది మణికట్టు విరిగిన తర్వాత. కార్పల్ టనెల్ లాంటి చిన్న ఆపరేషన్ తర్వాతా రావచ్చు. ఫలానా నరం దెబ్బతిన్నట్టు రుజువు లేకపోతే టైప్ 1, ఉంటే టైప్ 2.

కొత్త జబ్బేమీ కాదిది. అమెరికా అంతర్యుద్ధంలో తూటా తగిలి నరం దెబ్బతిన్న సైనికుల మంట నొప్పి గురించి సైలస్ వియర్ మిచెల్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1864లోనే రాశారు. ఆ సైనికులు చేతికి తడిగుడ్డ చుట్టుకునే తిరిగేవారట. మన దగ్గర తడిపిన తువ్వాలు చుట్టుకుని వచ్చేవాళ్ళని చూసినప్పుడల్లా ఆ సైనికులే గుర్తొస్తారు.

రక్తపరీక్షలో తెలుస్తుందా? ఎమ్మారై తీయించమంటారా?

సీఆర్‌పీఎస్‌ని తేల్చే రక్తపరీక్ష లేదు. డాక్టరు చేతిని చూసి, ముట్టుకుని, రెండో చేతితో పోల్చి తేల్చాలి. ప్రపంచమంతా వాడే కొలత బుడాపెస్ట్ ప్రమాణాలు. స్పర్శ, రంగు-వేడి, వాపు-చెమట, కదలిక-చర్మం-గోళ్ళు అని నాలుగు గుంపులు. మీరు చెప్పే లక్షణాలు కనీసం మూడు గుంపుల్లో ఉండాలి, డాక్టరు కంటికి కనీసం రెండింటిలో కనబడాలి, ఈ బాధకి వేరే జబ్బు ఏదీ కారణం కాకూడదు. ఎక్స్‌రేలో ఎముక అక్కడక్కడా పలచబడి కనిపించవచ్చు, ఎముకల స్కాన్ కొంత సాయపడవచ్చు. అవి మామూలుగా వచ్చినంతమాత్రాన సీఆర్‌పీఎస్ లేదని తేలిపోదు.

రక్తపరీక్షలు, నరాల పరీక్ష రాసేది వేరే కారణాలు లేవని చూసుకోవడానికి. వాటికి ఖర్చు పెట్టడంలో తప్పులేదు. "ఏమీ తేలలేదు" అంటూ అదే ఎమ్మారైని ఇంకో సెంటర్‌లో మళ్ళీ తీయించడం మాత్రం దండగ.

ఆపరేషన్ సరిగ్గా చేయకపోవడం వల్లే ఇలా అయిందా?

ఈ ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు. సీఆర్‌పీఎస్ ఎంత జాగ్రత్తగా చేసిన ఆపరేషన్ తర్వాతయినా రావచ్చు. ఆపరేషనే లేకుండా, ఉత్త పిండికట్టుతో వైద్యం చేసిన విరుపు తర్వాతా వస్తుంది. అయితే ఆపరేషన్‌కి సంబంధించిన కారణాలు అసలుండవని కాదు. చర్మం కింది చిన్న నరం తెగటం, కార్పల్ టనెల్ పొర పూర్తిగా విడకపోవడం, స్క్రూ చివర టెండన్‌కి రాసుకోవడం, ఎముక వంకరగా అతకడం, ఇవన్నీ ఉన్నాయి, వీటికి విడిగా మందో మరో ఆపరేషనో ఉంది. అందుకే సర్జన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. కోపంతో ఆయన్ని వదిలేసి కొత్త డాక్టరు దగ్గరికి పోతే, లోపల ఏం చూశారో, ఏం చేశారో తెలిసిన ఒక్క మనిషి మీకు దూరమవుతాడు. ఇంకో అభిప్రాయం కావాలంటే డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకుని వెళ్ళండి. అది మీ హక్కు.

ఇంట్లో అందరూ ఇది మనసులో నొప్పి అంటున్నారు. నిజమేనా?

కాదు. చెయ్యి రంగు మారటం, వాచటం, వేడెక్కటం ఎవరూ నటించలేరు. నిద్ర లేకపోవడం, టెన్షన్, చెయ్యి ఇక పనికిరాదేమో అన్న భయం మాత్రం నొప్పిని పెంచుతాయి. అందుకని కౌన్సెలింగ్‌కి వెళ్ళమంటే పిచ్చి అన్నారనుకోకండి. ఇంట్లోవాళ్ళకి ఒక మాట: "ఇంకా తగ్గలేదా" అని పూటకోసారి అడగడం మానేయండి. బియ్యం కడగడమో, బట్టలు మడతపెట్టడమో, ఆ మనిషి చేయగలిగిన పని ఒకటి ఆ చేతికే వదిలేయండి.

వేలు జివ్వుమని లాగుతోంది, కరెంటు షాకులా కొడుతోంది. నరం పోయిందా?

రెండు రకాలుంటాయి. తెగిన నరాన్ని కుట్టాక అది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున కొత్తగా పెరుగుతుంది. మణికట్టు దగ్గర కుట్టిన నరం వేలి కొసకి చేరాలంటే ఐదారు నెలలైనా పడుతుంది. ఆ దారిలో వేలితో చిన్నగా తడితే జివ్వుమంటుంది. ఆ జివ్వుమనే చోటు నెలనెలా కొసవైపు జరుగుతుంటే మంచి కబురు, నరం నడుస్తున్నట్టే.

అది ఒకేచోట పాతుకుపోయి, సరిగ్గా ఆ చుక్క మీద తగిలితేనే షాకు కొడితే, తెగిన నరం కొస ముడిలా తయారైందేమో చూడాలి. దాన్ని న్యూరోమా అంటారు. బొటనవేలి మూలన టెండన్ల గొట్టం బిగుసుకుంటే చేసే డీ క్వెర్వెయిన్ ఆపరేషన్ తర్వాత వాచీ పట్టీ కూడా ఓర్వలేకపోతే అక్కడుండే రేడియల్ నరం సన్నకొమ్మని అనుమానిస్తాం. ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే నొప్పి అక్కడిదేనా అని చాలావరకు తేలుతుంది.

కార్పల్ టనెల్ చేయించుకున్నా తిమ్మిరి అలాగే ఉంది?

ఆపరేషన్‌కి ముందే బొటనవేలి కింది కండ కరిగిపోయి, వేళ్ళు ఎప్పుడూ మొద్దుబారి ఉండే దశలో చేయించుకుంటే తిమ్మిరి నెలల తరబడి ఉంటుంది, కొంత మిగిలిపోనూవచ్చు. రాత్రుళ్ళు నిద్రలేపే పోట్లు తగ్గాయా? తగ్గితే ఆపరేషన్ పని చేసింది. ఒక్కరోజు కూడా తేడా తెలియకపోతే పొర పూర్తిగా విడిందా, నరం మెడ దగ్గర కూడా నొక్కుకుందా, షుగర్, థైరాయిడ్ ఎలా ఉన్నాయి అని చూడాలి.

కదిపితే నొప్పి, కదపకపోతే బిగుసుకుంటుందంటారు. ఏం చేయమంటారు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. నొప్పి తగ్గాక చెయ్యి వాడదాం అనుకునేవాళ్ళ చెయ్యి బాగుపడటం కష్టం. వాడుతూ ఉంటేనే నొప్పి తగ్గుతుంది. చేతిని దాచిపెట్టినకొద్దీ కీళ్ళు ముడుచుకుంటాయి, వాపు నిలిచిపోతుంది, మెదడు ఆ చేతిని పరాయిదానిలా చూడటం మొదలుపెడుతుంది. "ఇది నా చెయ్యిలా అనిపించట్లేదండీ" అని కొందరు మాతోనే అంటారు.

చెయ్యి వాడమన్నాం కదా అని పళ్ళ బిగువున వేళ్ళు విరిచేయకండి. ఇంకొకరి చేత బలవంతంగా వంచించుకోవడం ఇంకా చెడ్డది, దానితో సీఆర్‌పీఎస్ రెచ్చిపోతుంది. మేం చెప్పే కొలత ఇది: వ్యాయామం చేశాక నొప్పి కొంచెం పెరగొచ్చు, గంటలోపల మళ్ళీ మునుపటి స్థాయికి రావాలి. రాత్రంతా సలిపిందంటే ఎక్కువ చేశారు, మర్నాడు సగం చేయండి. పూర్తిగా మాత్రం మానొద్దు. రోజుకి ఒక్కసారి గంటసేపు చేయడంకన్నా గంటకోసారి ఐదు నిమిషాలు మేలు. భుజం, మోచెయ్యి కూడా కదపాలి. నెలల తరబడి మెడకి జోలె కట్టుకుని చెయ్యి వేలాడదీస్తే భుజం కూడా బిగుస్తుంది, అప్పుడు రెండు జబ్బులకి వైద్యం.

ఇంటిపనే పెద్ద వ్యాయామం. వాకిట్లో ముగ్గు వేస్తే బొటనవేలూ చూపుడువేలూ కలిసి పిండిని ఎంత సన్నగా వదలాలో కొలుచుకుంటాయి. అలాంటి పని చేయించే పరికరం మా దగ్గర కూడా లేదు. మల్లెపూలు కట్టడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, చపాతీ పిండి కలపడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా పనికొస్తాయి. మగవాళ్ళు "ఇవన్నీ ఆడవాళ్ళ పనులు" అంటారు. మరి నట్టు, బోల్టు బిగించి విప్పండి, తాళంచెవి తిప్పండి, చెయ్యి కదిలితే చాలు.

ఒక మినహాయింపు. టెండన్ కుట్టించుకున్నవాళ్ళు, ఎముక ఇంకా అతకనివాళ్ళు ఇదంతా సొంతంగా మొదలుపెట్టొద్దు. మొదటి వారాల్లో స్ప్లింట్‌లో (చేతిని కదలకుండా పట్టే పట్టీ) ఏ వేలిని ఎంత కదపాలో సర్జన్, థెరపిస్ట్ చెప్పినంతే. అక్కడ అత్యుత్సాహం చూపిస్తే కుట్టు తెగిపోతుంది.

ముట్టుకుంటేనే మంట. అలాంటప్పుడు వ్యాయామం ఎలా?

ముందు స్పర్శని మచ్చిక చేసుకోవాలి. కుట్లు పూర్తిగా మానాకే. నాలుగైదు గిన్నెలు వరసగా పెట్టుకోండి. మొదటిదాంట్లో దూది, తర్వాత పాత మెత్తటి పంచె ముక్క, ఆ తర్వాత టర్కీ తువ్వాలు, తర్వాత బియ్యం, చివర్న కందులు. దూదితో మొదలుపెట్టండి. మంటపుట్టే చోటుకి కాస్త దూరంలో, బాగున్న చర్మం మీద రుద్దుకుంటూ మెల్లగా దగ్గరికి రావాలి. రెండు మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదుసార్లు. దూది తగిలితే ఏమీ అనిపించని రోజున పంచె గుడ్డకి వెళ్ళండి. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి లోపల వేళ్ళు ఆడించేసరికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. వేరేవాళ్ళ చేత రుద్దించుకోవద్దు, మీ రెండో చెయ్యే చేయాలి. ఎక్కడ ఆపాలో దానికే తెలుస్తుంది. కళ్ళు తెరిచి, ఆ చేతిని చూస్తూ చేయండి.

అద్దం పెట్టి వైద్యం అంటున్నారు, నమ్మొచ్చా?

నమ్మొచ్చు, డబ్బు కూడా పెద్దగా అవదు. చెయ్యి పోయినవాళ్ళకి లేని చేతిలో వచ్చే నొప్పి కోసం వి.ఎస్. రామచంద్రన్ 1990లలో అద్దం పెట్టె వాడారు. తర్వాత సీఆర్‌పీఎస్‌కీ వాడటం మొదలైంది. టేబుల్ మీద అద్దాన్ని నిలబెట్టి, నొప్పి చేతిని దాని వెనక దాచి, మంచి చేతిని అద్దం ముందు మెల్లగా ఆడిస్తూ బింబాన్నే చూస్తారు. నొప్పి చెయ్యి హాయిగా కదులుతున్నట్టు మెదడుకి కనబడుతుంది. నేరుగా అద్దంతో మొదలుపెడితే కొందరికి నొప్పి రేగుతుంది. అందుకని ముందు చేతుల ఫొటోలు చూసి ఇది కుడా ఎడమా చెప్పడం, తర్వాత కదిపినట్టు ఊహించుకోవడం, ఆ తర్వాత అద్దం, ఈ వరసలో వెళ్తాం. అందరికీ పనిచేస్తుందని చెప్పను, పనిచేసినవాళ్ళకి బాగా చేస్తుంది.

ఐస్ పెట్టుకోవచ్చా?

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో డాక్టర్ చెబితే, గుడ్డలో చుట్టి, సరే. సీఆర్‌పీఎస్ చేతికి వద్దు. ఐస్ నీళ్ళలో ముంచడం, మరిగే నీళ్ళతో కాపడం రెండూ చెడుపే. స్పర్శ సరిగా లేని చెయ్యి కాలినా తెలియదు. చలికి ఓర్వలేకపోవడం చేతి గాయాల తర్వాత చాలామందికి ఉంటుంది, హైదరాబాద్ ఏసీ బస్సులో వెళ్ళేటప్పుడు గ్లవ్ వేసుకోండి, ఫ్రిజ్‌లో నీళ్ళసీసా రెండో చేత్తో తీయండి.

ఏ మందులు వాడతారు? నొప్పి బిళ్ళలు ఎన్నాళ్ళు మింగొచ్చు?

డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి బిళ్ళలు గాయం నొప్పికి పనికొస్తాయి. నరం నొప్పికి పెద్దగా పనిచేయవు. అయినా తగ్గలేదని రోజుకి రెండు, మూడు మింగుతూ పోతారు, పైన గ్యాస్ బిళ్ళ ఒకటి. కడుపులో పుండ్లు, బీపీ పెరగడం, కిడ్నీ దెబ్బతినడం దానితోనే వస్తాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు మండలం వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఈ మాట రెండుసార్లు చెబుతాం. ఎండలో పని చేసి, నీళ్ళు తక్కువ తాగి, ఈ బిళ్ళలు మింగడం ఎవరికైనా ప్రమాదమే.

నరం నొప్పికి గబాపెంటిన్, ప్రీగాబలిన్, తక్కువ మోతాదులో రాత్రిపూట అమిట్రిప్టిలిన్ రాస్తారు. చివరిది డిప్రెషన్ మందు అని ఇంటర్నెట్‌లో చూసి భయపడతారు. తక్కువ మోతాదులో అది నొప్పికీ నిద్రకీ పనిచేస్తుంది. ఇవి మొదటిరోజే పనిచేయవు, వారాలు పడుతుంది. మొదట్లో మగత, తల తిరుగుడు ఉంటాయి కాబట్టి బండి నడపొద్దు. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు తగ్గించాలి. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపేయొద్దు.

సీఆర్‌పీఎస్ తొలి దశలో, చెయ్యి వేడిగా వాచి ఉన్నప్పుడు, కొద్దిరోజుల స్టెరాయిడ్ కోర్సుగానీ, ఎముకలకి వాడే అలెండ్రోనేట్ తరహా మందుగానీ ఇస్తారు. స్టెరాయిడ్ షుగర్ పెంచుతుంది, ముందే చెప్పండి. ట్రమడాల్ 2018 నుంచి మత్తుమందుల చట్టం కిందకి వచ్చింది, చీటీ లేకుండా ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. ఆర్‌ఎంపీ దగ్గర వారానికో "నొప్పి సూది" వేయించుకోవడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

మిరపకాయ కారంతో నొప్పి తగ్గే మందు ఉందట. మనకి గుంటూరులో కొదవేముంది?

నవ్వుతూ అడుగుతారుగానీ, మందు నిజమే. మిరపలో కారం పుట్టించే క్యాప్సైసిన్‌ని క్రీములో చాలా తక్కువ శాతం కలుపుతారు. ఆస్పత్రిలో మాత్రమే వేసే 8 శాతం ప్యాచ్ కూడా ఉంది. వేడినీ కారాన్నీ పసిగట్టే ఒకే గ్రాహకం మన నరాల కొసల్లో ఉందని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ ఆ కొసల్ని పదేపదే రెచ్చగొట్టి చివరికి అలసిపోయేలా చేస్తుంది. మొదట్లో మండుతుంది, రోజూ రాస్తుంటే కొందరికి నొప్పి తగ్గుతుంది.

అంతమాత్రాన ఇంట్లో కారం నూరి పట్టు వేయకండి. బొబ్బలెక్కుతుంది. మానని కోత మీద, ముట్టుకుంటేనే మండే సీఆర్‌పీఎస్ చేతి మీద డాక్టర్ చెప్పకుండా క్రీమూ వద్దు. రాసుకున్న చేత్తో కళ్ళు నలుపుకుంటే ఏమవుతుందో గుంటూరువాళ్ళకి నేను చెప్పాలా?

విటమిన్ సి వేసుకుంటే రాకుండా ఉంటుందా?

మణికట్టు విరిగినవాళ్ళకి రోజుకి 500 మిల్లీగ్రాములు 50 రోజులపాటు ఇస్తే సీఆర్‌పీఎస్ తగ్గిందని నెదర్లాండ్స్‌లో 1999లో, మళ్ళీ 2007లో వచ్చిన అధ్యయనాలు చెప్పాయి. తర్వాత 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో తేడా కనబడలేదు. చవక, పెద్దగా హాని లేదు కాబట్టి చాలామంది సర్జన్లు రాస్తారు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు అడిగి వాడాలి. వచ్చేసిన జబ్బుకి మాత్రం ఇది మందు కాదు.

మెడలో ఇంజెక్షన్ ఇస్తామన్నారు. చెయ్యి నొప్పికి మెడలో ఎందుకు?

చేతి రక్తనాళాలనీ చెమటనీ నడిపే నరాల కూడలి మెడ ముందుభాగంలో ఉంటుంది, స్టెల్లేట్ గ్యాంగ్లియన్ అంటారు. స్కాన్‌లో చూస్తూ అక్కడ మత్తుమందు ఇస్తారు. కాసేపటికి చెయ్యి వెచ్చబడుతుంది. అటువైపు కనురెప్ప వాలిపోయి, కన్ను ఎర్రబడి, ముక్కు దిబ్బడేసి, గొంతు బొంగురుపోవచ్చు. పక్షవాతమేమోనని కంగారుపడి ఫోన్ చేస్తారు. కనురెప్ప వాలడం మందు చేరాల్సిన చోటికి చేరిందనడానికి గుర్తు, ఇవన్నీ కొన్ని గంటల్లో పోతాయి. ఊపిరాడకపోయినా, చెయ్యి ఎత్తలేకపోయినా మాత్రం వెంటనే చెప్పాలి. నొప్పి తగ్గిన ఆ కొన్ని గంటలూ, రోజులూ చేతిని బాగా కదపడానికే ఈ ఇంజెక్షన్. వేయించుకుని ఇంటికెళ్ళి పడుకుంటే డబ్బు వృథా.

పుత్తూరు కట్టు, నూనె మర్దనా?

ఆపరేషన్ చేసి ప్లేటు వేసిన చేతికి బిగుతైన కట్టు ఏ ఊరిదైనా వద్దు. గట్టి మర్దనా వద్దు. మానిన మచ్చ మీద కొబ్బరినూనె చుక్క వేసి వేలితో గుండ్రంగా నొక్కడం మంచిదే, మచ్చ కిందికి అతుక్కుపోకుండా ఉంటుంది.

పప్పు తింటే చీము పడుతుందా?

పట్టదు. పప్పు, గుడ్డు, పాలు, చేపలు తినండి. పథ్యం పేరుతో చారు మెతుకులు తింటే గాయం మానడమే ఆలస్యమవుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్ మానేయండి, అసలైన పథ్యం అదే.

మళ్ళీ ఆపరేషన్ చేస్తే తగ్గుతుందా? ప్లేటు తీసేస్తే?

కారణం స్పష్టంగా దొరికితే తగ్గుతుంది. నొక్కుకుపోయిన నరం, న్యూరోమా, రాసుకుంటున్న స్క్రూ అలాంటివి. కారణం తెలియకుండా, నొప్పి ఉంది కాబట్టి తెరిచి చూద్దాం అంటే ఒప్పుకోకండి. సీఆర్‌పీఎస్ మండుతున్న చేతిమీద అవసరం లేని కోత పడితే అది ఇంకా పెరగొచ్చు. "ఈ చెయ్యి తీసేయండి సార్" అన్నవాళ్ళూ ఉన్నారు. తీసేసినా నొప్పి పోతుందన్న హామీ లేదు.

పూర్తిగా తగ్గుతుందా?

చాలామందికి మొదటి ఏడాదిలో బాగా తగ్గుతుంది. కొందరికి కొంత బిగుతు, చలికి నొప్పి, పట్టులో కాస్త లోటు మిగులుతాయి. కొద్దిమందికి ఏళ్ళ తరబడి ఉంటుంది, వాళ్ళలో కొందరికి వెన్నుపాము దగ్గర కరెంటు పరికరం అమర్చే వైద్యం దాకా వెళ్తుంది. ముందుగా మొదలుపెట్టినవాళ్ళు ముందుంటారు.

పనికి ఎప్పుడు వెళ్ళొచ్చు? సీజన్ పోతే మాకు గడవదు.

మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. మచ్చ పూర్తిగా మానకముందు ఘాటులో చెయ్యి పెట్టొద్దు. మానాక రోజుకి గంటా రెండు గంటలతో, గ్లవ్ వేసుకుని, మధ్యమధ్య చెయ్యి చాపుతూ మొదలుపెట్టండి. పూర్తిగా మానేసి ఇంట్లో కూర్చోవడం కన్నా తగ్గించిన పని చేతికీ మంచిదే. ఆటోనగర్, ఫ్యాక్టరీల వాళ్ళకి ఈఎస్ఐ ఉంటే గుణదల ఈఎస్ఐ ఆస్పత్రిలో వైద్యం, సెలవు కాలానికి డబ్బు గురించి అడగండి. పనిలో తగిలిన దెబ్బ అయితే ఆ మాట మొదటిరోజు చీటీలోనే రాయించుకోవాలి. బైకు విషయానికొస్తే, ఒక్కసారిగా బ్రేకు గట్టిగా నొక్కగలిగేదాకా వద్దు.

సదరం సర్టిఫికెట్ వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో దీర్ఘకాలిక నొప్పి విడిగా లేదు. చేతి కదలిక, బలం ఎంత పోయాయో కొలిచి శాతం వేస్తారు, చాలా ప్రయోజనాలకి 40 శాతం కావాలి. వైద్యం నడుస్తుండగా తొందరపడొద్దు. నెలలు పోయినా చెయ్యి అలాగే ఉండిపోతే సచివాలయంలో స్లాట్ పెట్టించుకోండి.

ఎవరికి చూపించుకోవాలి? ఏం తీసుకెళ్ళాలి?

మొదట ఆపరేషన్ చేసిన సర్జన్. తర్వాత చేతుల థెరపీ తెలిసిన ఫిజియోథెరపిస్ట్, నొప్పి వైద్యం చేసే మత్తు డాక్టర్. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆర్థోపెడిక్స్ ఓపీకి వెళ్ళి ఫిజియోథెరపీకి రాయించుకోవచ్చు. మంగళగిరి ఎయిమ్స్ కూడా దగ్గరే, నొప్పి ఓపీ ఏ రోజో కౌంటర్‌లో ముందు కనుక్కోండి. ప్రభుత్వ పథకం కార్డు ఉంటే ఆరోగ్యమిత్రని అడిగితే ఏది వర్తిస్తుందో చెబుతారు. పాలిథిన్ కవర్లో అన్ని కాగితాలూ కుక్కి తేవడం కన్నా డిశ్చార్జ్ సమ్మరీ, చివరి ఎక్స్‌రే, ఇప్పుడు వాడుతున్న మందులు పైన పెట్టండి. చెయ్యి బాగా రంగు మారినప్పుడు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీసుకోండి. డాక్టరు ముందు కూర్చున్న పది నిమిషాల్లో ఆ రంగు కనబడాలని లేదు.

ఇంకో చేతికి కూడా కార్పల్ టనెల్ ఉంది. దానికీ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, తొందరపడకుండా. మొదటి చేతిలో మంట, వాపు సద్దుమణిగాకే మంచిది. అప్పటిదాకా రాత్రిపూట స్ప్లింట్‌తో నెట్టుకురావచ్చేమో అడగండి. మొదటిసారి ఏం జరిగిందో సర్జన్‌కే కాదు, మత్తు డాక్టర్‌కీ చెప్పండి. చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా ఇచ్చే మత్తు, నొప్పి మందులు ముందుగానే ఆలోచించుకుంటారు. షుగర్ అదుపులో పెట్టుకుని వెళ్ళండి. కట్టు కట్టగానే వేళ్ళు పూర్తిగా ముడవడానికి వీలుందా అని అక్కడే చూసుకోండి, లేకపోతే వదులు చేయమనండి. ఫిజియోథెరపీ మొదటి అపాయింట్‌మెంట్‌ని ఆపరేషన్‌కి ముందే రాయించుకోండి.